ఇరాక్ క్యాంపు ఉద్యోగానికి ఈ-మైగ్రేట్ ఎంతవరకు పనికొస్తుంది?

ఈ-మైగ్రేట్ అంటే విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం భారత ప్రభుత్వం నడిపే పోర్టల్. క్యాంపు అంటే ఇక్కడ అమెరికా సైనిక స్థావరం.

పోర్టల్‌కి నా రేటింగ్: ఏజెంటును జల్లెడ పట్టడానికి 4/5, ఆ తర్వాతి రక్షణకు 2/5.

ముందు మార్కెట్ సంగతి. 2021లో అమెరికా సైన్యం అఫ్గానిస్తాన్ వదిలాక అక్కడి క్యాంపుల్లో వంట, లాండ్రీ, గోదాము పనులు పోయాయి. ఇరాక్‌లోనూ 2024 సెప్టెంబరు ప్రకటన ప్రకారం అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సైనిక కార్యక్రమాన్ని 2025 సెప్టెంబరుకి ముగించి, కొంత భాగాన్ని 2026 సెప్టెంబరు దాకా నడపాలని నిర్ణయం. కాబట్టి ఇప్పుడు "రెండేళ్ల కాంట్రాక్టు" అని ఎవరైనా అంటే క్యాంపు పేరు అడగండి. క్యాంపే రెండేళ్లు ఉంటుందో లేదో తెలియాలి కదా!

ఇక పోర్టల్. ఏజెంటు పేరు కొడితే రిజిస్ట్రేషన్ నంబరు, అది చెల్లుబాటులో ఉందో, సస్పెండయిందో కనిపిస్తుంది. నంబరు నిజమైనదైతే సరిపోదు, చిరునామా కూడా కలపండి. ఊళ్లో డబ్బు వసూలు చేసే సబ్-ఏజెంటు వేరేవాళ్ల నంబరు చూపించడం పాత ఎత్తు. ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీతో 35,400. లక్షన్నర అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. అసలు అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు పని అయితే కార్మికుడి దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోవడమే నిషిద్ధం. పాస్‌పోర్టు లాక్కోకూడదు, అర్థమయ్యే భాషలో కాంట్రాక్టు ఇవ్వాలి.

లోపం ఎక్కడంటే, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అయ్యేది ఈసీఆర్ పాస్‌పోర్టుతో (ఎక్కువగా పది పాసవ్వనివాళ్లకు ఇచ్చేది, వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి) పనికి వెళ్లేవాళ్లకే, అదీ ఇరాక్ సహా 18 దేశాలకే. పది పాసైనవాడిని ఈ జల్లెడ ఆపదు. "దుబాయ్‌కి విజిట్ మీద పో, అక్కడి నుంచి ఎర్బిల్ (ఇరాక్‌లోని ఊరు) ఎక్కిస్తాం" అన్నారంటే మీరు పోర్టల్ బయట ఉన్నట్టే. అలా వెళ్తే కాంట్రాక్టులో జీతం ఎంత రాసినా ఎక్కడా నమోదు కాదు.

ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. చవకే, కానీ క్యాంపులో అసలు ఆధారం అది కాదు. విదేశాల్లోని అమెరికా స్థావరాల్లో కాంట్రాక్టు కార్మికులకు బీమా తప్పనిసరి చేసే అమెరికా డిఫెన్స్ బేస్ యాక్ట్ కింద మన దేశస్థులకూ వైద్యం, పరిహారం వస్తాయి. చాలామంది దీన్ని పొందలేక నష్టపోతారు, ఎందుకంటే జీతమిచ్చేది దుబాయ్ సబ్‌కాంట్రాక్టరు, పైన ప్రధాన కంపెనీ ఎవరో కార్మికులకు తెలియదు. విమానం ఎక్కే ముందే ఆఫర్ లెటరు మీద మూడు రాయించుకోండి: సబ్‌కాంట్రాక్టరు పేరు, ప్రధాన కాంట్రాక్టరు పేరు, డిఫెన్స్ బేస్ బీమా కంపెనీ పేరు. దెబ్బ తగిలితే 30 రోజుల్లోగా ఎల్ఎస్-201 నోటీసు, ఏడాదిలోగా ఎల్ఎస్-203 క్లెయిము (రెండూ అమెరికా కార్మిక శాఖ ఫారాలు). ఫోర్‌మన్‌కి నోటితో చెప్పి ఊరుకోకండి, నోటీసు రాతపూర్వకంగా ఉండాలి. ఫోటో తీసి ఇంటికి పంపండి.

ఫిర్యాదుకు టోల్‌ఫ్రీ 1800 11 3090. హైదరాబాద్‌లో క్షేత్రీయ ప్రవాసీ సహాయతా కేంద్రం కూడా ఉంది. రసీదు లేకుండా ఇచ్చిన డబ్బును మాత్రం రాబట్టడం కష్టం.