మా టిఫిన్ బండి మీద మాట్లాడే డబ్బా: రెండేళ్లు వాడాక నా అభిప్రాయం

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాది టిఫిన్ బండి. పొద్దున్న ఆరింటి నుంచి పదింటి దాకా ఉంటాం. పెనం దగ్గర మా ఆయన, పార్సిళ్ల వైపు నేను, డబ్బుల దగ్గర మా అత్తయ్య. నాలుగు ఇడ్లీ 30, దోసె 40. ఫోన్‌లో డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్స్ మా బండి మీదకి వచ్చి రెండేళ్లయింది. కంపెనీ పేరు రాయను. మా వరుసలో వేరే కంపెనీలవి కూడా ఉన్నాయి, పనితీరు ఇంచుమించు ఒకటే. కొత్తగా తీసుకోవాలనుకునే చిన్న వ్యాపారుల కోసం రాస్తున్నాను, ముఖ్యంగా బండి మీద కూర్చునే ఆడవాళ్ల కోసం.

యూపీఐ 2016లోనే వచ్చినా మా బండి మీద క్యూఆర్ స్టిక్కర్ అంటించింది 2020 లాక్‌డౌన్ తర్వాతే. నోటు ముట్టుకోవడానికే జనం భయపడిన రోజులవి. స్టిక్కర్ వచ్చాక అత్తయ్యకి కష్టం మొదలైంది. ఆవిడకి చదువు రాదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక నోటు రంగు చూసి చెప్పగలదు కానీ, ఎండలో ఫోన్ తెర మీద ఏముందో కనపడదు. కుర్రాళ్లు ఫోన్ ముఖం ముందు పెట్టి "కొట్టేశాను మామ్మా" అని వెళ్లిపోయేవారు. డబ్బు కట్టినట్టు దొంగ టిక్కు చూపించే యాప్‌లు ఉన్నాయని మాకు తర్వాత తెలిసింది. సాయంత్రం లెక్క చూస్తే రెండు మూడు ప్లేట్ల డబ్బు తగ్గేది. ఆ తగ్గినదంతా తన తప్పే అన్నట్టు అత్తయ్య ఆ రాత్రి సరిగ్గా అన్నం తినేది కాదు.

డబ్బా వచ్చాక ఆ బాధ పోయింది. అరచేతి కంటే కొంచెం పెద్దది. లోపల దాని సిమ్ దానికే ఉంటుంది, మన ఫోన్ దగ్గర ఉండక్కర్లేదు. మొదట హిందీలో పలికింది, యాప్‌లో తెలుగు పెట్టాను. ఒకసారి చార్జింగ్ పెడితే మాకు నాలుగు రోజులు వస్తోంది. బస్సులు వెళ్తున్నా వినపడేంత గొంతు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చూపిస్తే అత్తయ్య తల కూడా ఎత్తదు. "డబ్బా పలకలేదు బాబూ, ఒక్క నిమిషం ఆగు" అంటుంది. ఆ మాట అనే ధైర్యం ఆవిడకి ఈ వస్తువే ఇచ్చింది. చిల్లర గొడవ కూడా తగ్గింది.

లోపాలు కూడా ఉన్నాయి. వానాకాలం నెట్‌వర్క్ సరిగ్గా ఉండదు. నాలుగైదు నిమిషాల తర్వాత పలుకుతుంది, ఒక్కోసారి అసలు పలకదు. రద్దీలో ముగ్గురు ఒకేసారి ముప్పై ముప్పై కొడితే ఏది ఎవరిదో తెలియదు. ఒకసారి రోజూ వచ్చే మాస్టారు ఒకాయన డబ్బు కొట్టారు, డబ్బా పలకలేదు. అత్తయ్య ఆయన్ని అందరి ముందూ ఆపింది. ఆయన మళ్లీ 60 రూపాయలు నోట్లు ఇచ్చి వెళ్లిపోయారు. మధ్యాహ్నం చూస్తే ఆ మొదటి 60 ఖాతాలో పడి ఉంది. మర్నాడు అత్తయ్య ఆ డబ్బు చేతిలో పట్టుకుని ఆయన కోసం ఎదురు చూసింది. ఆయన వారం రోజులు రాలేదు. ఆ వారం ఆవిడ మొహం నేను మర్చిపోలేను.

ఖర్చు సంగతి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ డబ్బు మీద దుకాణదారు దగ్గర ఏమీ కోయకూడదని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. కాబట్టి మాకు ఖర్చల్లా డబ్బా అద్దె, నెలకి వంద. మధ్యలో పాడైతే మార్చడానికి మూడు వారాలు పట్టింది, అయినా ఆ నెల అద్దె కోశారు. ఇది అన్యాయం. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి పన్ను నోటీసులు ఇచ్చారన్న వార్త విని మా వరుసలో ఒకాయన క్యూఆర్ పీకేశాడు. ఏడాది మొత్తం అమ్మకాలు సర్వీసు వ్యాపారానికి 20 లక్షలు, సరుకుల వ్యాపారానికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. మా బండి అక్కడికి చాలా దూరం.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది.

డబ్బా ఇచ్చిన రోజు ఏజెంట్ కుర్రాడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "స్మార్ట్ ఫోన్ ఎవరిది?" మా ఆయనది. దాంతో ఖాతా కూడా మా ఆయనదే అయింది. డబ్బుల దగ్గర కూర్చునేది ఎవరని అతను అడగలేదు, మాకూ తోచలేదు. అంతకు ముందు పదింటికి బండి కట్టేశాక అత్తయ్య స్టీలు గిన్నె ఒళ్లో పెట్టుకుని నోట్లు లెక్కపెట్టేది. సరుకులకి, గ్యాసుకి కొడుక్కి ఇచ్చి, చీటీకి ఒక పక్కన పెట్టి, మనవరాలి చేతిలో పది పెట్టి, మిగిలింది పోపు డబ్బాలో వేసేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి విశాఖలో రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేనప్పుడు మా ఇల్లు గడిచింది ఆ పోపు డబ్బా డబ్బుతోనే.

సౌండ్ బాక్స్ వచ్చాక పదిమందిలో ఏడుగురు ఫోన్‌తోనే కడుతున్నారు. పొద్దంతా ఆవిడ చెవి పక్కన డబ్బు పడుతూనే ఉంటుంది. పదింటికి గిన్నెలో నాలుగు వందలు కూడా ఉండవు. మా ఆయన చెడ్డవాడు కాదు, అడిగితే లేదనడు. కానీ ఆవిడ అడగాల్సి వచ్చింది. ఒకరోజు బీపీ మాత్రలకి కొడుకుని నూట యాభై అడుగుతుంటే విన్నాను. ముప్పై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. మాత్రలు రెండు రోజుల క్రితమే అయిపోయాయట.

ఆవిడకి జన్‌ధన్ ఖాతా ఎప్పటి నుంచో ఉంది. బ్యాంకుకి తీసుకెళ్లి, ఆవిడ కీప్యాడ్ ఫోన్ నంబరు సరిచేయించి, డబ్బాని ఆ ఖాతాకి మార్పించాను. రెండు సార్లు తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు కౌంటర్ దగ్గర డబ్బు ఆవిడ ఖాతాలో, పార్సిళ్లకి వేరే క్యూఆర్ పెట్టి మా ఆయన ఖాతాలో పడుతోంది. వారానికోసారి బ్యాంక్ మిత్ర (బ్యాంకు తరఫున డబ్బిచ్చే ఏజెంట్) దగ్గర వేలిముద్ర వేసి తనకి కావాల్సింది తనే తీసుకుంటుంది. చీటీ మళ్లీ మొదలుపెట్టింది.

ఐదుకి నాలుగు చుక్కలు ఇస్తాను. ఒకటి తగ్గించింది వానాకాలానికి, ఆ మూడు వారాలకి. మీరు తీసుకుంటే బండి మీద ఎవరు కూర్చుంటారో వాళ్ల ఖాతానే పెట్టించండి, ఏజెంట్ తొందర పెట్టినా సరే. కొంచెం నోట్లు ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి.

మా వీధిలో అత్తయ్యని అందరూ ఇడ్లీ మామ్మ అనే అంటారు. మొన్న యూనివర్సిటీ పిల్ల ఒకమ్మాయి స్కాన్ చేసి, తెర మీద వచ్చిన పేరు ఇంటిపేరుతో సహా పైకి చదివి, "ఇది మీ పేరేనా మామ్మా?" అని అడిగింది. అత్తయ్య చట్నీ గరిటె పక్కన పెట్టి, "ఏదీ, మళ్లీ చదువు" అంది.