గుంటూరు మిరప కల్లం, అరకు కాఫీ కల్లం: ఆరబెట్టడంలో తేడా

రెండు పంటలనూ ఎండే ఆరబెడుతుంది. తేమ 10–11 శాతానికి దిగాలన్న లెక్క కూడా దాదాపు ఒకటే. తేడా అంతా గాలిలో ఉంది.

అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. గుంటూరు కంటే ఐదారు డిగ్రీల చల్లదనం. కాఫీ కోతకు వచ్చేది నవంబరు–జనవరిలో, అంటే సరిగ్గా మంచు కురిసే రోజుల్లో. పొద్దెక్కేదాకా పొగమంచు వదలదు. అందుకే పండ్లను నేల మీద పోయకూడదు, కింది తడికి బూజు పడుతుంది. ఎత్తైన వల మంచెల మీద రెండంగుళాలకు మించకుండా పరచి, గంటకోసారి కలపాలి. పొద్దు వాలకముందే కప్పెయ్యాలి. ఒక్క రాత్రి మంచు తాగినా మూడు రోజుల ఎండ వృథా. తొక్క తీసిన గింజకు జిగురు వదలడానికీ చలిలో ఎక్కువ గంటలు పడుతుంది. గడియారం చూడకండి, వేళ్లతో రుద్దితే గరుకుగా తగలాలి.

గుంటూరు మిరపకు చలి బాధ తక్కువ. ఫిబ్రవరి, మార్చి ఎండకు పట్టా మీద పది, పదిహేను రోజుల్లో ఆరుతుంది. ఇక్కడి భయం అకాల వాన. తడిసిన కాయ రంగు పోయి తాలు అవుతుంది, ధర పడిపోతుంది. మరీ పెళుసైన కాయ మీద నీళ్లు చల్లి టిక్కీ (మిరప బస్తా) కట్టడం మాత్రం ఘోరమైన తప్పు, లోపల బూజు పెరిగి విషమవుతుంది.