విద్యుదయస్కాంతత్వానికి రెడీమేడ్ సిమ్యులేషనా, సొంత పైథాన్ కోడా?

అనంతపురంలో ఫిజిక్స్ చెప్పే మా అందరికీ ఏటా ఇదే సందేహం.

ఖర్చు: రెండూ ఉచితమే. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల రెడీమేడ్ సిమ్యులేషన్లు ‘ఫెట్’ (PhET) ఫోన్‌లోనూ నడుస్తాయి.

శ్రమ: ఫెట్‌లో అయస్కాంతాన్ని తీగచుట్టలోకి జరిపితే బల్బు వెలుగుతుంది, ఆపితే ఆరిపోతుంది. ఐదు నిమిషాల పని. కోడ్‌కు రెండు మూడు క్లాసులైనా పడతాయి. కానీ లాప్లాస్ సమీకరణం (ఛార్జీలు లేని చోట పొటెన్షియల్, అంటే వోల్టేజీ, ఎలా పరుచుకుంటుందో చెప్పేది) కోసం స్థలాన్ని గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో చుట్టూ ఉన్న నాలుగు గళ్ల పొటెన్షియల్ సగటు వేస్తూ పోతే, అంచుల వోల్టేజీ లోపలికి పాకడం పిల్లలు కళ్లారా చూస్తారు. నాకు ఇదే చాలా ఇష్టం. ఎక్సెల్‌లోనూ చేయవచ్చు.

రిస్కు: ఫెట్‌లో బొమ్మ చూసి అర్థమైపోయిందనుకుంటారు; ముందే ‘ఏమవుతుంది?’ అని అడగాలి. కోడ్‌లో అంచు విలువ తప్పితే జవాబంతా తప్పే.

విద్యుదయస్కాంత ప్రేరణ గురించి మొదటిసారి వినే డిగ్రీ పిల్లలకు ఫెట్. ఎమ్మెస్సీ వాళ్లకు కోడే.