ఆ ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్ కొనకండి, కొనుంటే లాప్‌టాప్ మాత్రం తగిలించకండి

ఏ సెల్లరో చెప్పక్కర్లేదనుకుంటా. పీఓఈ స్విచ్ అని వెతికితే ముందు వాడి పేజీయే వస్తుంది, కింద అన్నీ ఐదు స్టార్ల రివ్యూలే. కెమెరాలకీ వైఫై యాక్సెస్ పాయింట్‌కీ వేరే అడాప్టర్ల గొడవ లేకుండా నెట్ కేబుల్‌లోనే కరెంటు పోతుందని (పీఓఈ అంటే అదే) తీసుకున్నా. పేజీలో "802.3ఏఎఫ్/ఏటీ" అని, అంటే పీఓఈ స్టాండర్డ్‌ల పేర్లు, ఇంతింత అక్షరాలతో ఉంది. కెమెరాలు వెలిగాయి, బానే ఉంది. అదే స్విచ్‌లో ఖాళీగా ఉన్న పోర్టుకి లాప్‌టాప్ తగిలించాను, కాసేపటికి కాలిన వాసన, లాప్‌టాప్ నెట్‌వర్క్ పోర్టు ఖతం.

నిజంగా ఏఎఫ్ స్విచ్ అయితే ఇలా జరగకూడదు. అది ముందు పది వోల్టుల దాకా చిన్న వోల్టేజీ ఇచ్చి అవతల ఏముందో చూస్తుంది, సుమారు 25 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ కనబడితేనే పూర్తి కరెంటు వదులుతుంది. మామూలు లాప్‌టాప్‌లో అది ఉండదు కాబట్టి దాని జోలికే పోదు. 2003లో వచ్చిన స్టాండర్డ్ ఇది, బ్రహ్మవిద్యేం కాదు. అనుమానమొచ్చి మల్టీమీటర్ పెడితే, ఏమీ తగిలించని పోర్టులో 4-5 పిన్నులకీ 7-8 పిన్నులకీ మధ్య 48 వోల్టులు కదలకుండా కూర్చుని ఉన్నాయి. అంటే ప్యాసివ్ పీఓఈ. అవతల ఎవరున్నారని అడగడం లేదు, తలుపు తీసి ఉంది, ఎవరొస్తే వాళ్లకి షాకు.

సెల్లర్‌కి మీటర్ ఫొటో పంపాను. వచ్చిన జవాబు: "మీ కెమెరాలు పనిచేస్తున్నాయా సర్?" చేస్తున్నాయన్నా. "అయితే స్విచ్ బాగున్నట్టే కదా. పీఓఈ పోర్టులో లాప్‌టాప్ ఎందుకు పెట్టారు?" స్విచ్‌లో లాప్‌టాప్ పెట్టకూడదట, ఇంకేం పెట్టాలి, అగరొత్తులా? పేజీలో ఏఎఫ్ అని మీరే రాశారుగా అంటే "అది కెమెరాకి ఉండాల్సిన స్టాండర్డ్ సర్, స్విచ్‌కి కాదు" అన్నాడు. సరే, తెలియక అంటున్నాడేమో అనుకుని పేజీ లింకు పంపుదామని తెరిచా. ఆ లైన్ లేదు! దాని స్థానంలో "48 వోల్టుల పీఓఈ" అని ఉంది. అంటే ఒకపక్క నాతో సర్ సర్ అని చాట్ చేస్తూనే ఇంకోపక్క పేజీ మార్చేస్తున్నాడు. అడిగితే "మొదట్నుంచీ ఇలాగే ఉంది సర్" అని ఒక నవ్వు బొమ్మ పెట్టి చాట్ మూసేశాడు. ఆ నవ్వు బొమ్మ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పాపం, ఆర్డర్ చేసినప్పుడు నాకు వచ్చిన మెయిల్‌లో స్విచ్ పాత పేరు ఏఎఫ్/ఏటీతో సహా అలాగే ఉందని వాడికి గుర్తు రాలేదు. దాన్ని జతచేసి ప్లాట్‌ఫామ్‌కి కంప్లైంట్ పెట్టాను. వాళ్లేమో "తప్పుగా వాడటం వల్ల పాడైంది" అని ఒకసారి మూసేశారు, మళ్లీ తెరిపించాను.

ఇంకో ముచ్చట. పోర్టుకి 30 వాట్లు, ఎనిమిది పోర్టులు అన్నాడు కదా, అంటే 240. డబ్బాలో వచ్చిన అడాప్టర్ మీద 48 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది, అంటే 96. మిగతా వాట్లు బహుశా ఆ ఐదు స్టార్ల నుంచి వస్తాయేమో.

కొనేవాళ్లు మొత్తం వాట్ల బడ్జెట్ ఎంతో రాతపూర్వకంగా అడగండి, పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వచ్చాక ముందు ఖాళీ పోర్టుకి మీటర్ పెట్టి చూడండి. 48 వోల్టులు అలా నిలిచి ఉంటే వెంటనే రిటర్న్ పెట్టేయండి.