సొంత డిజైన్ మంచుపువ్వుకు షటిల్ మేలా, సూది మేలా?

డిసెంబరు దగ్గరపడుతుంటే విజయనగరంలో టాటింగ్ (దారాన్ని ముడులు వేస్తూ లేస్ అల్లే పని) నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: క్రిస్మస్ చెట్టుకు కట్టే మంచుపువ్వులు సొంత డిజైన్‌లో చెయ్యాలంటే షటిల్ (దారం చుట్టుకునే చిన్న పడవలాంటి సాధనం) కొనాలా, సూది కొనాలా? నేను రెండూ వాడతాను, అందుకే జవాబు ముందే చెప్పేస్తాను. ఉన్న నమూనా చూసి చేసేవాళ్లకు ఏదైనా పర్లేదు. కొత్తది కల్పించి, దాన్ని మళ్లీ మళ్లీ సరిదిద్దుకునేవాళ్లకు మాత్రం షటిలే మేలు. చాలామంది దీనికి ఒప్పుకోరు. మొదట చూస్తే డిజైన్ పనికి సూదే అనువుగా కనిపిస్తుంది మరి.

మన రాష్ట్రంలో లేస్ అనగానే నర్సాపురం గుర్తొస్తుంది. 2024లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అది క్రోషియా పని. క్రోషియాలో లెక్క తప్పితే కొస పట్టుకుని లాగితే చాలు, వరసలకు వరసలే ఊడి వచ్చేస్తాయి. టాటింగ్‌లో ఆ సుఖం లేదు. లోపల ఒక దారం తిన్నగా పోతుంటుంది, దాని మీద రెండో దారం రెండు సగాలుగా బిగిస్తే ఒక డబుల్ స్టిచ్. అంటే ప్రతి కుట్టూ ఒక ముడే. అలాంటివి కొన్ని వేసి లోపలి దారం లాగితే రింగు మూసుకుంటుంది. షటిల్‌తో బిగించి మూసిన రింగును విప్పాలంటే, పికాట్ (రెండు కుట్ల మధ్య వదిలే చిన్న దారపు మెలిక) దగ్గర కుట్ల మధ్య సందు చూసుకుని, లోపలి దారాన్ని సన్నటి సూది మొనతో కొంచెం కొంచెంగా బయటికి తియ్యాలి. సన్న దారమైతే చిరాకు పుట్టిస్తుంది.

సూదితో ఈ బాధ తక్కువ. కుట్లన్నీ సూది మీదే కూర్చుంటాయి కాబట్టి లెక్క కళ్లెదుటే ఉంటుంది. రింగు మూసేదాకా ఎన్నిసార్లైనా జార్చి మళ్లీ వేసుకోవచ్చు. షటిల్ పట్టిన కొత్తలో అందరినీ ఏడిపించే ముడి మార్పు, అంటే చేతి చుట్టూ ఉన్న దారమే ముడిపడేలా షటిల్ దారాన్ని బిగించి లాగడం, సూదిలో అసలు అక్కర్లేదు. అందుకే డిజైన్ చేసేవాళ్లు సూదికే మొగ్గుతారు.

కానీ సూది మందం కుట్టులో ఉండిపోతుంది. ముడి సూది చుట్టూ పడింది. సూది తీశాక ఆ ఖాళీలోకి వచ్చేది దానికంటే సన్నటి దారం. అందుకే సూది పని మెత్తగా, కొంచెం వదులుగా ఉంటుంది. మెడ పట్టీకి ఆ మెత్తదనం బాగుంటుంది. కొనలు నిలబడాల్సిన మంచుపువ్వుకు బాగుండదు. దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. చైను (రింగులను కలిపే, మూయని కుట్ల వరస) వేసి సూది లాగాక ఆ కుట్లు ఎంత దగ్గరికి జరుగుతాయో మీరు లాగేదాన్ని బట్టి ఉంటుంది. ఒక రేకులో కుదురుగా, పక్క రేకులో సాగినట్టు వస్తాయి. పువ్వు చదునుగా పడకపోతే తప్పు లెక్కదా, చేతిదా అన్నది తెలియదు. షటిల్‌తో బిగువుగా వేసిన కుట్లకు జరిగే చోటు తక్కువ, కాబట్టి పువ్వు వంగితే ముందు లెక్కనే అనుమానించొచ్చు. సరిదిద్దే పనిలో నాకు కావాల్సింది అదే.

పోనీ సూదితో ట్రయల్ చేసి, చివరిది షటిల్‌తో చేద్దామా అంటారు. వద్దనే చెప్తాను. కుట్టు వెడల్పు మారితే పికాట్ల మధ్య దూరాలూ మారతాయి, సూది మీద కుదిరిన లెక్కను షటిల్ మీద మళ్లీ మొదటినుంచి చూసుకోవాల్సి వస్తుంది.

ఇక లెక్క సంగతి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. రింగును 8 కుట్లు, పికాట్, మళ్లీ 8 కుట్లుగా వేశారనుకోండి. మూస్తే రెండు పక్కలా ఎనిమిదేసి వస్తాయి, కాబట్టి రింగు పొడవు సుమారు ఎనిమిది కుట్లు, దానికి మించదు. ఇలాంటి ఆరు రింగులు మధ్యలో పికాట్ల దగ్గర కలుస్తాయి, బయట ఒక రింగు మొదలును పక్క రింగు మొదలుతో చైను కలుపుతుంది. ఆరు రేకుల పువ్వులో మధ్యబిందువు నుంచి రింగు మొదలుకు ఎంత దూరమో, పక్కపక్క రింగుల మొదళ్ల మధ్యా సరిగ్గా అంతే దూరం. అంటే చైను ఎనిమిదికి తగ్గకూడదు. 5 కుట్లు, పికాట్, 5 కుట్లు పెడితే బయటికి చక్కగా వంపు తిరుగుతుంది. ఎనిమిది రేకులైతే ఈ దూరం ముప్పావు వంతే, ఆరు కుట్లు కూడా సరిపోతాయి. అందుకే ఎనిమిది రేకుల నమూనాలోంచి రెండు రేకులు తీసేస్తే ఆరు రేకుల పువ్వు వచ్చేయదు. చైను పొట్టిదైపోయి మొత్తం గిన్నెలా పైకి ముడుచుకుంటుంది. చైను మరీ పొడవైతే అంచు అలలు తిరుగుతుంది. ముడుచుకుంటే చైనుకు రెండు కుట్లు కలపండి, అలలు తిరిగితే రెండు తగ్గించండి. పువ్వు చదునుగా పడేదాకా పికాట్ల సోకుల జోలికి పోకండి, ఏది మార్చినందువల్ల ఏం జరిగిందో తెలియకుండా పోతుంది.

ఎనిమిది రేకులు చెయ్యడం తేలిక, అందంగానూ ఉంటాయి. నా వరకు ఆరే. మంచుగడ్డలో నీటి అణువులు ఆరు కోణాలుగా పేర్చుకుంటాయి, అందుకే మంచు స్ఫటికం చేతులు ఆరు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు జెరికో ఊరి రైతు విల్సన్ బెంట్లీ 1885లో మైక్రోస్కోపుకు కెమెరా బిగించి మంచు స్ఫటికాన్ని ఫోటో తీశాడు. జీవితకాలంలో అలాంటివి ఐదు వేలకు పైగా తీశాడు. మంచు పడని ఊళ్లో కూర్చుని డిజైన్ చేసే మనకు ఆ ఫోటోలే ఆధారం. చేతుల కొమ్మలు ఎక్కడ చీలుతున్నాయో చూసి పికాట్లు అక్కడ పెట్టుకోవచ్చు.

కాగితం మీద గీసుకోవడానికి కోణమానిని కంటే ముగ్గుల పుస్తకం మేలు. 7 చుక్కలు పెట్టి సందు చుక్క 4 వరకు తెండి. ఆరు మూలల ఆకారం వచ్చేస్తుంది, నడిమి చుక్కే పువ్వు మధ్యబిందువు. ఒక్క జాగ్రత్త: చుక్కకూ చుక్కకూ 16 మిల్లీమీటర్లు ఉంటే వరసకూ వరసకూ 14 ఉంచాలి. ముగ్గులో లాగా రెండూ సమానంగా పెడితే పువ్వు నిలువుగా సాగుతుంది. సరి చుక్క నాలుగు, ఎనిమిది రేకులకే పనికొస్తుంది.

దారం గురించి పెద్దగా చెప్పేది లేదు. ట్రయల్స్‌కు 20 నంబరు క్రోషియా దారం, కుట్లు స్పష్టంగా కనిపిస్తాయి. లెక్క కుదిరాక ఇంకా సన్నటి 40. పక్కనే శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పొందూరు నూలు ఎందుకు వాడకూడదని అడుగుతారు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి వడికే ఆ నూలంటే నాకూ గౌరవమే, కానీ అది ఒంటిపోగు. టాటింగ్‌కు కలిపి పేనిన గట్టి దారం కావాలి, ఒంటిపోగు రింగు మూసేటప్పుడు లాగుడుకు తెగుతుంది.

మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకూ, స్కూలు పిల్లలకూ సూదే ఇవ్వండి. లావు దారంతో పెద్ద పువ్వులు చేసినా సూది బాగానే ఉంటుంది.

పువ్వు అయ్యాక గంజి. ఆరు గీతలు గీసిన కాగితాన్ని థర్మోకోల్ మీద పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో మధ్యబిందువునీ ఆరు కొనల్నీ ముందు గుచ్చాలి, పికాట్లు తర్వాత. సగ్గుబియ్యం గంజి తెల్లగా, శుభ్రంగా ఆరుతుంది, ఉతికితే పోతుంది. కాకపోతే మన సముద్రపు గాలికి మెత్తబడుతుంది, డబ్బాలో పెడితే పురుగు చేరుతుంది. తెల్ల ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి రాస్తే ఆ భయం తక్కువ, కానీ ఆరాక దారం కొంచెం ప్లాస్టిక్ మెరుపు తేలుతుంది. ఇంట్లో చెట్టుకు కట్టేవాటికి నేను గంజే పెడతాను, ఏటా ఉతికి కొత్తగా పెట్టుకోవచ్చు. చర్చి గుమ్మానికి, వరండాకు వేలాడదీసేవాటికి ఫెవికాలే.