‘టేకోవర్’, ‘ఈథర్’: జే-జీ, నాస్ పోరుపై ఒక తీర్పు

2001లో న్యూయార్క్ ర్యాపర్లు జే-జీ, నాస్ మధ్య పాటలతో జరిగిన పోరులో నాస్ గెలిచాడని అత్యధికులు నమ్ముతారు. వారు సాధారణంగా చూపే ఆధారం హాట్ 97 రేడియో శ్రోతల ఓటింగు. అందులో నాస్‌కు 58 శాతం, జే-జీకి 42 శాతం ఓట్లు వచ్చాయి. అయితే ఆ ఓటింగులో నాస్ పాట ‘ఈథర్’కు పోటీగా నిలిచింది జే-జీ ఆ తరువాత హడావుడిగా విడుదల చేసిన ‘సూపర్ అగ్లీ’యే తప్ప, ఈ పోరును రగిలించిన జే-జీ పాట ‘టేకోవర్’ కాదు. ‘సూపర్ అగ్లీ’ ప్రత్యర్థి కుటుంబ జీవితంలోకి చొరబడిన పాట. స్వయంగా జే-జీ తల్లే అభ్యంతరం చెప్పడంతో ఆయన రేడియోలో క్షమాపణ కోరవలసి వచ్చింది. అంత బలహీనమైన పాటతో పోల్చి ఇచ్చిన తీర్పును ‘టేకోవర్’కు కూడా వర్తింపజేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. అందుచేత ఇక్కడ ‘టేకోవర్’నూ ‘ఈథర్’నూ మాత్రమే, అవి వరుసగా చోటుచేసుకున్న ‘ది బ్లూప్రింట్’, ‘స్టిల్‌మ్యాటిక్’ ఆల్బమ్‌లతో సహా పరిశీలిస్తాను.

తిట్టుకవిత్వం అనగానే మనకు వేములవాడ భీమకవి గుర్తుకు వస్తాడు. ఆ సంప్రదాయం ఎరిగిన వారికి, తిట్టు ఎంత ఘాటుగా ఉన్నదన్న దానికంటే అది కవిత్వంగా నిలిచిందా లేదా అన్నదే అసలు ప్రశ్న అని వేరుగా చెప్పనక్కరలేదు. డిస్ ట్రాకులను, అంటే ప్రత్యర్థిని తిడుతూ కట్టిన ర్యాప్ పాటలను కూడా నేను ఆ దృష్టితోనే వింటాను.

ఇద్దరి శైలులూ పూర్తిగా భిన్నమైనవి. బ్రూక్లిన్‌లోని మార్సీ హౌసెస్‌లో పెరిగిన జే-జీ పద్యాన్ని కాగితం మీద పెట్టకుండా మనసులోనే కూర్చుకుంటాడని ప్రసిద్ధి. అందువల్ల ఆయన పాటలో సంభాషణ స్వభావం ఉంటుంది. మాట మధ్యలో ఆగుతాడు, నవ్వుతాడు, బీట్‌కు కొంచెం వెనుకగా నడుస్తూ శ్రోత ముందుకు వంగి వినేలా చేస్తాడు. క్వీన్స్‌బ్రిడ్జ్‌లో పెరిగిన నాస్ ఇందుకు భిన్నంగా, పంక్తి లోపల ప్రాస మీద ప్రాస పేర్చుకుంటూ, వీధినీ మెట్లనూ కిటికీలోంచి కనిపించే దృశ్యాన్నీ కళ్ళకు కట్టించే కవి. 1994లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ ‘ఇల్‌మ్యాటిక్’కు దక్కిన గౌరవమంతా ఆ చిత్రణ వల్లనే దక్కింది.

‘టేకోవర్’ను జే-జీ 2001 జూన్‌లో సమ్మర్ జామ్ అనే సంగీత కచేరీ వేదిక మీద వినిపించినప్పుడు ప్రధాన లక్ష్యం మాబ్ డీప్ బృందానికి చెందిన ప్రాడిజీ. నాస్ గురించి ఒక చురక మాత్రమే ఉంది. సెప్టెంబరు 11న ఆల్బమ్ విడుదలయ్యే నాటికి నాస్ మీద ఒక సుదీర్ఘ చరణం చేరింది. ఈ పాట బలం మాటలతోనే ఆగదు. అప్పటికింకా పెద్దగా పేరు రాని కాన్యే వెస్ట్ ‘ది డోర్స్’ బృందపు పాత రాక్ పాట నుంచి తీసిన బరువైన శాంపిల్ (పాత రికార్డు నుంచి తీసుకుని వాడే ముక్క) పైన బీట్ కట్టాడు. పల్లవిలో న్యూయార్క్‌ను ఏలేది మేమేనని చాటే గొంతు కెఆర్ఎస్-వన్‌ది. 1980లలో క్వీన్స్‌బ్రిడ్జ్ ర్యాపర్లతో తలపడి, ‘బ్రిడ్జ్ వార్స్’గా చరిత్రకెక్కిన పోరులో ఆ పేట పరువు తీసినవాడు ఆయనే. క్వీన్స్‌బ్రిడ్జ్ బిడ్డ మీదికి దండెత్తుతూ ఆ గొంతునే ఎంచుకోవడంలో ఉన్న ఆలోచన, వినేకొద్దీ నన్ను ఆశ్చర్యపరుస్తూనే ఉంది.

నాస్ మీది చరణం న్యాయవాది వాదనలా సాగుతుంది. పదేళ్ళలో నాలుగు ఆల్బమ్‌లు, వాటిలో రెండు పనికిరానివి, ఒకటి అంతంతమాత్రం, మిగిలింది ‘ఇల్‌మ్యాటిక్’ ఒక్కటే, కాబట్టి పదేళ్ళకొక మంచి ఆల్బమ్ అని సగటు తీస్తాడు. ఈ లెక్క పూర్తిగా నిజాయితీ గలది కాదు. నాస్ గొంతు తొలిసారి రికార్డు మీద వినిపించినది 1991లో గనుక పదేళ్ళు అనగలిగాడు గాని, తొలి ఆల్బమ్ నుంచి లెక్కిస్తే ఏడేళ్ళే అవుతాయి. అయినా శత్రువు గొప్పతనాన్ని ఒప్పుకుంటూనే అతణ్ణి కూల్చడం అరుదైన విద్య. ‘ఇల్‌మ్యాటిక్’ను కాదనకపోవడం వల్లనే మిగతా నింద నమ్మదగినదిగా వినిపిస్తుంది. నాస్ పంక్తిని శాంపిల్‌గా వాడుకున్నందుకు తనను తప్పుపట్టేవారికి జే-జీ ఇచ్చిన సమాధానం కూడా ఇంత చక్కనిదే: నీ చేతిలో అది మంచి పంక్తి, నా చేతిలో అది మంచి పాట అంటాడు.

డిసెంబరులో వచ్చిన ‘ఈథర్’ తుపాకీ మోతతో, అప్పటికే చనిపోయిన ర్యాపర్ టూపాక్ గొంతుతో మొదలవుతుంది. ఆ ఆరంభం భయంకరంగా ఉంది, అలా ఉండాలనే చేశారు. రాన్ బ్రౌజ్ కట్టిన బీట్‌లో మొండి పట్టు ఉన్నదే గాని, కాన్యే బీట్‌లోని నిండుదనం లేదు. మాటలలోని మంచి దెబ్బలను మాత్రం తక్కువ చేయలేము. జే-జీ ఆల్బమ్‌లోని ‘రెనగేడ్’లో అతిథిగా వచ్చిన ఎమినెమ్ ఆతిథేయినే మించిపోయాడని నాస్ ఎత్తి చూపడం, ప్రత్యర్థి సొంత పుస్తకం నుంచే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం తీయడం. మరో ర్యాపర్ నోటోరియస్ బి.ఐ.జి. పంక్తులను ఇంకా ఎన్నాళ్ళు వాడుకుంటావని అడిగిన ప్రశ్నకు జే-జీ దగ్గర సరైన జవాబు లేదు. అన్నిటికంటే మిన్న అయినది, నువ్వు నా సోదరుడివి గనుక నాకు నీ మీద ప్రేమే ఉంది, కాని సంపద కోసం ఆత్మను ఇచ్చేశావు అన్న అర్థం వచ్చే చోటు. అక్కడ కోపం ఒక్క క్షణం దుఃఖమవుతుంది. పాట మొత్తంలో నాస్ కవిగా కనిపించేది అక్కడే.

నా ఫిర్యాదు కూడా దాని నుంచే పుట్టింది. ‘ఈథర్’లో ఎక్కువ భాగం నాస్ తన శైలిని పక్కన పెట్టి ప్రత్యర్థి రూపాన్ని వెక్కిరించడానికీ, స్వలింగ సంపర్కుల పట్ల ద్వేషం నిండిన తిట్లకూ వెచ్చించాడు. అప్పటికి 32 ఏళ్ళున్న జే-జీని 36 ఏళ్ళవాణ్ణి చేయడం వంటి చిల్లర అబద్ధాన్ని నేను పట్టించుకోను, లెక్కలు సాగదీసింది ఇద్దరూ. కాని దృశ్యాన్ని నిర్మించగల మహాకవి ఇక్కడ ఒక్క దృశ్యాన్నీ నిర్మించలేదు. తుమ్మెద కాటులాంటి పంక్తులు ఒకదాని తరువాత ఒకటి వచ్చి పడతాయి, ఒక్కొక్కటీ నొప్పి పుట్టిస్తుంది, కాని వాటి వరుస మార్చినా పాటకు నష్టం లేదు. ‘టేకోవర్’లో నాస్ మీది చరణంలో వాక్యం స్థానం మార్చితే వాదన కూలిపోతుంది.

ఆ కారణం చేత నా తీర్పు ‘టేకోవర్’ వైపు, అదీ స్వల్ప తేడాతోనే. ఆ నాటి జనం మీద చూపిన ప్రభావాన్ని కొలబద్దగా తీసుకుంటే ‘ఈథర్’దే పైచేయి. క్షీణించాడనుకున్న కవి ఒక్క పాటతో లేచి నిలబడ్డాడన్నది నిజం, ఆ ఆనందంలో శ్రోతలు ఓటు వేశారన్నదీ నిజం. పాటను పాటగా, సంగీతంతో, నిర్మాణంతో, మళ్ళీ వినగలిగే గుణంతో కలిపి తూచినప్పుడు మాత్రం త్రాసు అటు మొగ్గదు.

కొత్తగా వినదలచిన వారు ‘ది బ్లూప్రింట్’ను మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగిన వినవచ్చు. ‘స్టిల్‌మ్యాటిక్’ అంత సమానంగా సాగదు గాని, కథను చివరి నుంచి మొదటికి వెనక్కి నడిపించే ‘రివైండ్’, గుసగుసగా మొదలై కేకగా పెరిగే ‘వన్ మైక్’ అందులో ఉన్నాయి. నాస్ ఆ రెండు పాటలలో చూపిన శిల్పంలో సగమైనా ‘ఈథర్’లో పెట్టి ఉంటే నేను ఎదుటి పక్షం వహించేవాణ్ణి. రెండు ఆల్బమ్‌లలోనూ బూతులు విపరీతంగా ఉన్నాయి కనుక పిల్లలున్న ఇంట్లో స్పీకర్ల మీద పెట్టకపోవడం మంచిది.