పోర్టు పోయిన పాత లాప్‌టాప్‌కి 1,250 రూపాయల ల్యాన్ అడాప్టర్: ఎనిమిది నెలలు వాడాక

మా లాప్‌టాప్ 2013లోది. ఎస్‌ఎస్‌డీ వేయించాను, ర్యామ్ పెంచాను, విండోస్ 11కి ఇది పనికిరాదు కాబట్టి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాను, బండి నడుస్తోంది. కాకపోతే దీని వైఫై 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో లిస్టు తెరిస్తే పాతిక రూటర్లు కనిపిస్తాయి, అన్నీ ఆ బ్యాండ్ మీదే రద్దీ, అందుకని నాకు వైరు లేకపోతే పని జరగదు. సరిగ్గా ఆ వైరు పెట్టే పోర్టే పోయింది. అందుకే యూఎస్‌బీ పోర్టులో పెట్టి నెట్ వైరు తగిలించుకునే ఈ ల్యాన్ అడాప్టర్.

మొదట్లో నాకు అర్థం కాలేదు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే స్పీడు 94 దాటదు. టార్చి వేసి చూస్తే పోర్టు లోపలి ఎనిమిది పిన్నుల్లో ఒకటి కిందికి నొక్కుకుపోయి ఉంది. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 నంబర్ల పిన్నులు చాలు, గిగాబిట్‌కి (అంటే 1000 ఎంబీపీఎస్‌కి) మాత్రం ఎనిమిదీ తగలాలి, అందుకే నెట్ వస్తూనే సగం వస్తోంది. మీకూ 94, 95 దగ్గరే ఆగిపోతుంటే ముందు వైరు మార్చి చూడండి, పాడైన వైరుకీ ఇదే లక్షణం. నాది వైరు కాదు. తర్వాత్తర్వాత లాప్‌టాప్ కాస్త కదిలినా లింక్ లైటు ఆరిపోవడం మొదలైంది, ఆఫీసు మీటింగ్ అంటేనే టెన్షన్.

సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాలి, తొమ్మిది వేల పైన అన్నారు. లాప్‌టాప్ అమ్మినా అంత రాదు! సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక చిన్న రిపేరు షాపుకి తీసుకెళ్తే అతను విప్పి చూసి, "అన్నా, పోర్టు బోర్డుకే అంటించి ఉంది, మార్చగలను గానీ పాత బోర్డు, వేడి పెడితే ఇంకోటి పోతది, అడాప్టర్ కొనుక్కో" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

అడాప్టర్‌లోనూ ఒకసారి మోసపోయా. ఆన్‌లైన్‌లో 350కి దొరికింది, డబ్బా మీద గిగాబిట్, యూఎస్‌బీ 3.0 అని పెద్ద అక్షరాలు, మూతి కూడా నీలం రంగే, పెట్టి చూస్తే 100 దాటలేదు. వాపస్ చేశా. రెండోసారి బ్రాండు చూడకుండా లోపలి చిప్ ఏమిటో చూసి, రియల్‌టెక్ ఆర్‌టీఎల్8153 ఉన్నది 1,250కి తీసుకున్నా. చివర 3 కాకుండా 2 ఉంటే, అంటే 8152 అయితే, అది 100 ఎంబీపీఎస్ చిప్పే, చూసుకోండి. మింట్‌లో డ్రైవర్ ఏమీ వేయక్కర్లేదు, పెట్టగానే నెట్ వచ్చింది, 200కి 200.

ఒక మాట, నీలం రంగు పోర్టులోనే పెట్టండి. నేను మొదట నల్ల పోర్టులో పెట్టా, అది యూఎస్‌బీ 2.0. నెట్‌కి తేడా తెలియలేదు గానీ ఇంట్లో ఇంకో కంప్యూటర్ నుంచి పెళ్లి వీడియోలు కాపీ చేస్తే సెకనుకి 35 ఎంబీ (ఇవి మెగాబైట్లు, ఒక్కోటి ఎనిమిది మెగాబిట్లు) దగ్గర ఆగిపోయింది, నీలం పోర్టుకి మార్చాక 110 దాకా వచ్చింది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. గంట వాడితే అడాప్టర్ బాగా వేడెక్కుతుంది, ఎండాకాలంలో మరీను. పక్కనే వైర్‌లెస్ మౌస్ రిసీవర్ పెడితే బాణం గుర్తు ఆగి ఆగి కదులుతుంది, యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే రేడియో రొద మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది కాబట్టి. రిసీవర్ అటువైపు పోర్టుకి మార్చితే సరిపోయింది. స్లీప్ నుంచి లేపినప్పుడు అప్పుడప్పుడు నెట్ రాదు, పీకి మళ్లీ పెట్టాలి, దీనికి నాకింకా మందు దొరకలేదు.

ఇంకోటి, తెనాలిలో మా అత్తగారింట్లో రూటర్ లేదు, కేబుల్ ఆపరేటర్ వైరు నేరుగా లాప్‌టాప్‌కే. అక్కడ అడాప్టర్ పెడితే లైట్లు వెలిగాయి గానీ నెట్ రాలేదు. ఆయన దగ్గర నా పాత పోర్టు మ్యాక్ అడ్రస్, అంటే ప్రతి నెట్ పోర్టుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, రిజిస్టరై ఉంది, అడాప్టర్‌ది వేరే. ఫోన్ చేసి కొత్త నంబరు చెబితే ఐదు నిమిషాల్లో మార్చారు. ఇది తెలియక సంక్రాంతికి వెళ్లి ఒక పూటంతా అడాప్టర్‌నే తిట్టుకున్నా.

పాత పోర్టుని బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేశా. ఇప్పుడు అందులో మా పాప రబ్బరు ముక్క దూర్చింది, నేను తీయలేదు.